రెండో చప్పుడు

వర్ధన్నపేట,
28 డిసెంబర్ 2024

మామకు,

శేఖర్ నమస్తే. ఇక్కడ అమ్మా నేనూ బాగున్నాం. కేసముద్రంలో నువ్వూ, నీ బిడ్డ రమా, పిల్లలూ బాగున్నారని తలుస్తాను. నీతో ఫోన్ మాట్లాడాలంటే రమ మధ్యలో కూర్చుని ప్రతి మాటా కాగితం మీద రాసి నీకు చూపించాలి. పాపం, దాని పని దానికి ఉంటుంది. ఫోన్‌లో రాసి పంపితే అక్షరాలు చీమల్లా ఉన్నాయని విసుక్కుంటావు. అందుకే ఉత్తరం. పోస్టాఫీసులో కవరు అడిగితే అక్కడాయన నన్ను ఎగాదిగా చూశాడు.

నువ్వు దుకాణం నాకు అప్పజెప్పి పోయినంక కూడా నీ పలక మేకుకే వేలాడుతోంది. పదమూడేళ్ల అలవాటు కదా, ఇప్పటికీ పెద్దమనుషులు వచ్చి దాని మీద ‘వెనక చక్రం పంచర్’ అని రాసి నాకు చూపిస్తున్నారు. నాకు చెవులు వినపడతాయి తాతా అంటే నవ్వుకుంటున్నారు. పంచర్ చూసే నీళ్ల తొట్టి ఊగుతోంది. దాని కింద ఉన్న పాత రిమ్ము తీసేసి నాలుగు ఇటుకలు పెడదామనుకున్నాను. దాన్ని కదపొద్దని నువ్వు పోయేరోజు రెండు సార్లు చెప్పావు కాబట్టి ఆగాను.

అసలు సంగతి. ఒకతను చిన్న ట్రాక్టర్ తెచ్చాడు. పత్తి సాళ్ల మధ్య తిరగాలని కొన్నది, అందుకని సన్న టైర్లు. ఈ యాసంగికి కాలువ నీళ్లు వస్తున్నాయని ఊరంతా వరికి దిగింది. ఆ సన్న టైర్లేమో బురదలో ఇరుసు దాకా దిగబడుతున్నాయట. వెనక చక్రాలకు వెడల్పు టైర్లు కొనుక్కొచ్చాడు. ఎనిమిది ఇంచులవి తీసి పదకొండు ఇంచులవి పెట్టాలంటాడు. రిమ్ములు మాత్రం బండితో వచ్చినవే ఉంచుతాడట. గుండ్రం సైజు ఒకటే, ఎక్కుతాయి అంటాడు. వెడల్పు రిమ్ములు కావాలంటే వరంగల్‌లో చెప్పి తెప్పించాలి, పదిహేను రోజులు. అంతలో కాలువ వంతు అయిపోతుంది.

పెట్టొచ్చా మామా? నీ జవాబు వచ్చేదాకా ఆగమని చెప్పాను.

నీ అల్లుడు
శేఖర్


కేసముద్రం,
2 జనవరి 2025

అల్లుడు శేఖర్‌కు,

పెట్టొద్దు.

ఉత్తరం ఇక్కడితో ఆపినా సరిపోతుంది. కానీ నీ సంగతి నాకు తెలుసు, ఎందుకని అడుగుతావు. అడగకముందే రాస్తున్నాను, రెండు సార్లు చదువు.

గాలి కొడుతుంటే టైరు అంచు పోయి రిమ్ము గాడిలో కూర్చుంటుంది. కూర్చున్నప్పుడు టప్పుమని ఒక చప్పుడు వస్తుంది. ఈ పక్కకు ఒకటి, ఆ పక్కకు ఒకటి. రెండు చప్పుళ్లూ వింటేనే పని అయినట్టు. సన్న రిమ్ముకు వెడల్పు టైరు ఎక్కిస్తే మొదటిది వస్తుంది, రెండోది రాదు. అంచులు లోపలికి గుంజుకుని టైరు పొట్ట ఉబ్బుతుంది. రెండోది రావాలని గాలి కొడుతూ పోయావనుకో, పేలుతుంది. భయపడి తక్కువ గాలితో పంపావనుకో, ఏ గట్టు మీదనో అంచు రిమ్ము మీంచి జారుతుంది. రెండింట్లో ఏదో ఒకటి జరుగుతుంది. నాకు చెవులు పోయినంక రిమ్ము మీద అరచెయ్యి ఆనించి ఆ చప్పుళ్లు పట్టుకునేవాణ్ని. నీకు దేవుడు చెవులిచ్చాడు, విను.

ఏ టైరుకైనా సరే, పేలితే పట్టి ఉంచే గొలుసు చుట్టకుండా గాలి కొట్టకు. నన్ను చూసి నలుగురూ నవ్వినట్టే నిన్ను చూసీ నవ్వుతారు. నవ్వనీ. మీ నాయిన ప్రాణం పోయిన చోట నిలబడి పని చేస్తున్నావు.

తొట్టి కింద రిమ్ము జోలికి పోకు. ఊగితే ఊగనీ.

ఇక్కడ నాకు పొద్దు పోవడం లేదు. మార్కెట్ యార్డు దాకా పోయి కూర్చుంటే ఒళ్లంతా పత్తి దూది. మొన్న వెనక నుంచి లారీ వచ్చింది, హారన్ కొట్టాడట, నాకెట్లా తెలుస్తుంది? రెక్క పట్టుకుని ఎవరో గుంజారు. ఆ రోజు నుంచి రమ నన్ను గడప దాటనివ్వడం లేదు. పచ్చడి సీసా అందిందని చెల్లెకు చెప్పు. ఉప్పు ఎక్కువేసింది, ఆ సంగతి చెప్పకు.

ట్రాక్టర్ ఎవరిదో రాయలేదు. ఊర్లో ప్రతి బండి పేరు చెప్పే నువ్వు ఇది మాత్రం దాచావు. నాకు నచ్చలేదు.

కట్టయ్య


వర్ధన్నపేట,
8 జనవరి 2025

మామకు,

నీ దగ్గర దాచి బతకలేం. ట్రాక్టర్ మహిపాల్‌ది. బడిలో నా పక్కన కూర్చుని నా పలక మీద ఉమ్మి తుడిచేవాడు, నీకు గుర్తుండే ఉంటాడు. ఇప్పుడు ఆ ట్రాక్టర్‌తోనే పదిమంది పొలాలు దున్ని బతుకుతున్నాడు.

ఇంకొకటి కూడా చెప్పాలి, కోపం చేసుకోకు. నీకు ఉత్తరం రాసే పొద్దుటికే టైర్లు ఎక్కించేశాను. పోస్టు డబ్బాలో వేసి వచ్చేసరికి వాడు బురదలో దిగాడు కూడా. నువ్వు పెట్టొచ్చు అంటావని, అన్నంక మనసు నిమ్మళంగా ఉంటుందని రాశాను. అబద్ధం రాసినందుకు సిగ్గుగానే ఉంది.

నువ్వు చెప్పినట్టే అయింది. రెండు చక్రాలకూ మొదటి చప్పుడు వచ్చింది. ఎడమ చక్రానికి రెండోది కూడా వచ్చింది. కుడి చక్రానికి రాలేదు. సబ్బు నురుగు పూశాను, సుత్తితో తట్టాను, గాలి దించి మళ్లీ కొట్టాను. గొలుసు చుట్టే కొట్టాను మామా, అది మరవలేదు. ఇంకా కొట్టాలంటే చెయ్యి రాలేదు. బురదలో ఎట్లాగూ గాలి తక్కువే పెడతారు కదా అని అలాగే పంపించాను.

కానీ మామా, బండి మంచిగ నడుస్తోంది. పదిరోజుల్లో పన్నెండు ఎకరాలు దమ్ము చేశాడు, ఒక్కసారి కూడా దిగబడలేదు. పక్కూరి వాళ్లు వచ్చి చూసి పోతున్నారు. ఇంకో ఇద్దరు మాకూ పెట్టమని అడిగారు. మహిపాల్ భార్య పద్మలత నిన్న సకినాలు తెచ్చి ఇచ్చింది. నువ్వు ఊరికే ఫికర్ పడుతున్నావేమో అనిపిస్తోంది. పాతకాలం రిమ్ములు వేరు, ఇప్పటివి వేరు. నాయిన రిమ్ము పగిలి పోయాడు, అది వేరే సంగతి కదా.

శేఖర్


కేసముద్రం,
12 జనవరి 2025

శేఖర్,

ఈ ఉత్తరం చేతికి అందగానే దుకాణం మూసి మహిపాల్ ఇంటికి నడువు. కూర్చోకు, చాయ్ తాగకు. ఆ రెండు చక్రాలూ విప్పించి పాత టైర్లు ఎక్కించు. దిగబడితే దిగబడనీ, ఎడ్లు పెట్టి గుంజుకుంటారు. వాడు వినకపోతే చక్రం నట్లు విప్పి జేబులో వేసుకుని రా. నన్ను తిట్టమను.

ఇంకో ఇద్దరు అడిగారన్నావా? పెట్టి చూడు.

నేనే వచ్చేవాణ్ని. ఒక్కణ్నే రైలెక్కనివ్వనని రమ తలుపుకు అడ్డం నిలబడింది. చేతకానివాణ్ని అయిపోయాను, కోపంతో ఉత్తరాలు రాసుకుంటూ కూర్చున్నాను.

అంతవరకూ కాలువ కట్ట మీద బండి నడపొద్దని చెప్పు. ఒక పక్కకు ఒరిగిన చోట ఆ అంచు ఆగదు.

కట్టయ్య


వర్ధన్నపేట,
20 జనవరి 2025

మామా,

ఎట్లా మొదలుపెట్టాలో తెలియడం లేదు.

పదహారో తారీఖు పొద్దున నీ ఉత్తరం అందింది. నువ్వన్నట్టే దుకాణం మూసి పోయాను. మహిపాల్ నీ ఉత్తరం చదివి నవ్వాడు. ముసలాయనకు చాదస్తం ఎక్కువైందన్నాడు. నాలుగు ఎకరాలే మిగిలింది, ఎల్లుండి నేనే తెచ్చి నీ దుకాణం ముందు పెడతానన్నాడు. నట్లు విప్పి జేబులో వేసుకోవడం నాకు చేతకాలేదు. చాయ్ తాగి వచ్చాను మామా. నువ్వు తాగొద్దన్న చాయ్ తాగి వచ్చాను.

పదిహేడున ఆ నాలుగు ఎకరాలకు పోతూ కాలువ కట్ట ఎక్కాడు. కట్ట సంగతి చెప్పలేదని కాదు, చెప్పాను, చుట్టూ తిరిగితే గంట పడుతుందని ఎక్కాడు. కుడి పక్క వాలు ఉంది. కుడి చక్రం అంచు రిమ్ము మీంచి జారిపోయింది, ట్యూబు పగిలింది, బండి ఆ పక్కకే పడింది. వాడి కాలు బండి కింద ఇరుక్కుంది. పొలాల్లో నాట్లేసే ఆడవాళ్లు అరుచుకుంటూ వస్తే, నేను కబురు తెలిసి పరుగెత్తేసరికి పదిమంది కలిసి బండి లేపుతున్నారు. వాడు నన్ను చూసి కట్టయ్య మామకు చెప్పకురా అన్నాడు. అప్పుడు కూడా నవ్వబోయాడు.

వరంగల్ పెద్ద దవాఖానలో ఉన్నాడు. కాలు నిలుస్తుందో లేదో చెప్పలేం అంటున్నారు.

ఇప్పుడు నేను చేసిన పని రాస్తాను. మర్నాడు దవాఖాన వరండాలో పద్మలత నా ముందు నిలబడి, ఎందుకిట్లా అయింది అన్నా అని అడిగింది. ఆమె వెనక మన ఊరోళ్లు ఆరుగురు ఉన్నారు. నోట్లోంచి వచ్చిన మాట ఏంటంటే, రిమ్ము మంచిది కాదు, లోపల తుప్పు పట్టి పగులు ఉంది, కంపెనీదే లోపం అని. ఎక్కడి నుంచి వచ్చిందో తెలుసా? నాయిన పోయినప్పుడు నువ్వు ఊరందరికీ చెప్పిన మాటే. చిన్నప్పటి నుంచి వింటున్నాను, నోట్లో తయారుగా ఉంది.

వాళ్లంతా నమ్మారు. పద్మలత ఏమందో తెలుసా?

“నీ చేతి పనిల తప్పు ఉండదని నాకెర్కనే శేఖరన్నా. ఆ రిమ్ములు అమ్మినోన్ని నేను ఇడిచిపెట్ట.”

అని నాకు ఫ్లాస్కులో చాయ్ పోసిచ్చింది. అప్పటి నుంచి ట్రాక్టర్ అమ్మిన షోరూముకు పోయి కొట్లాడుతోంది.

నువ్వు చెప్పింది నిజం, నేను చెప్పింది అబద్ధం. అంతే తేడా. నేనేం చెయ్యాలి మామా?

శేఖర్


కేసముద్రం,
27 జనవరి 2025

శేఖర్‌కు,

నీ ఉత్తరం వచ్చి మూడు రోజులైంది. మూడు రోజులూ కాగితం ముందు పెట్టుకుని కూర్చున్నాను. అన్నం తినడం లేదని రమ ఏడ్చింది.

తేడా లేదు.

మీ నాయిన చేతిలో, నా చేతిలో ఉన్న ఆ రిమ్ము మంచిది. పగులు లేదు, తుప్పు లేదు. తొట్టి కింద ఉన్నది అదే. తీసి చూసుకో. పాతసామాను వాడికి వేస్తే ఎవరైనా చూసి కనిపెడతారని మొదట్లో అక్కడ దాచాను. తర్వాత తీసి పారేయడానికి చేతులు రాలేదు. పదమూడేళ్లు దాని మీద నీళ్లు పెట్టుకుని ఊరందరి పంచర్లూ చూశాను.

అప్పుడు నువ్వు హనుమకొండలో ఐటీఐ చదువుతున్నావు. మిర్చి బస్తాలతో ఏనుమాముల మార్కెట్‌కు పోయే ట్రాలీ ఒకటి దుకాణం ముందు ఆగింది. టైరు చీలిపోయింది. ఆ సైజుది లేదు, వెడల్పుది ఒకటి ఉంది. మీ నాయిన వద్దన్నాడు. ఇంకో రోజు ఆగితే సరైనది తెప్పిద్దామన్నాడు. మిర్చి ధర పడిపోతుందని ట్రాలీ ఆయన తొందరపెట్టాడు. ఈ పని నాకు వస్తుంది, నువ్వు చూస్తూ ఉండు అని నేను మీ నాయినతో అన్నాను. అందరి ముందు అన్నాను. అప్పటికి గొలుసు గిలుసు ఏమీ లేదు.

మొదటి చప్పుడు వచ్చింది. రెండోది రాలేదు. ఇంకొంచెం కొడితే వస్తుందని కొడుతూనే ఉన్నాను. మీ నాయిన టైరు మీద చెయ్యి పెట్టి వంగి చూస్తున్నాడు. పేలింది. నాకు చెవులు పోయాయి, ఆయన పోయాడు.

స్పృహ వచ్చేసరికి చుట్టూ జనం నోళ్లు కదులుతున్నాయి. ఏమడుగుతున్నారో వినపడదు కానీ తెలుస్తుంది. రిమ్ము పగిలింది అన్నాను. నీకు వచ్చినట్టే వచ్చింది ఆ మాట. ఒక్కసారి అన్నాక వెనక్కి తీసుకోవడానికి రోజు రోజుకూ కష్టమైంది. నీ తల్లి నా పక్కన కూర్చుని నా చెవులకు పసరు పిండింది. మొగుడు పోయిన ఆడది, నన్ను చూసి జాలిపడి ఏడ్చింది. అప్పుడే చెప్పాల్సింది.

నీకు పని నేర్పింది, దుకాణం రాసిచ్చింది ప్రేమ అనుకున్నావు. ప్రేమ ఉంది. దాని కింద ఇది ఉంది.

పద్మలత దగ్గరికి పో. మహిపాల్ దగ్గరికి పో. నిజం చెప్పు. నీది ఇంకా పది రోజుల అబద్ధమే, ఇప్పుడే తెంచు. నాలాగా పద్నాలుగేళ్లు మొయ్యకు. ఈ ఉత్తరం మీ అమ్మకు చదివి వినిపించు. తర్వాత మీరిద్దరూ నన్ను ఏమనుకున్నా సరే.

కట్టయ్య


వర్ధన్నపేట,
18 ఫిబ్రవరి 2025

మామకు,

తొట్టిలో నీళ్లు పారబోసి రిమ్ము బయటికి తీశాను. ఇసుకతో తోమి, కిరోసిన్ గుడ్డతో తుడిచి, ఎండలో పెట్టి చుట్టూ వేలు తిప్పి చూశాను. ఒక్క పగులు లేదు. పైన తుప్పు కూడా తొట్టి నీళ్లకు పట్టిందే. ఆ పూటంతా దాని పక్కనే కూర్చున్నాను. నీ మీద ఎంత కోపం వచ్చిందో రాయలేను. ఎదురుగా ఉంటే చెయ్యి చేసుకునేవాణ్నేమో.

తర్వాత మహిపాల్ ఇంటికి పోయాను. వాడు ఇంటికొచ్చాడు. మోకాలి కింద కాలు తీసేశారు. జనవరి ఇరవై రెండున తీశారట. ఆ పొద్దు పద్మలత షోరూములో ఉంది మామా. నేను చెప్పిన పగులు కోసం అక్కడ వాళ్లతో కొట్లాడుతోంది. వాళ్లు ఆమె తీసుకుపోయిన రిమ్మును ఆమె ముందే కడిగి చూపించి, పగులెక్కడుందో చూపించమన్నారట. ఆమె చూపించలేక ఏడ్చుకుంటూ దవాఖానకు వచ్చేసరికి వాణ్ని లోపలికి తీసుకుపోయారు. తీసుకుపోయేటప్పుడు వాడి పక్కన ఇంటివాళ్లు ఒక్కరు కూడా లేరు. పద్మలత ఎక్కడని అడుగుతూ పోయాడట.

నేను అంతా చెప్పాను. కుడి చక్రానికి రెండో చప్పుడు రాలేదని, తెలిసే పంపించానని చెప్పాను. పద్మలత లేచి లోపలికి పోయి తలుపు దగ్గరికి వేసుకుంది. మహిపాల్ గోడ దిక్కు చూస్తూ అన్నాడు.

“నేను అడిగిన, నువ్వు పెట్టినవ్. దాంట్ల సగం నాది. అబద్ధం మాత్రం నీ ఒక్కనిదే. ఇగ మా ఇంటికి రాకు.”

వచ్చేశాను. ఊర్లో అందరికీ తెలిసింది. దుకాణం తీస్తున్నాను కానీ ఎవరూ రావడం లేదు. ఎదురుగా రోడ్డు మీదే బండ్లు తోసుకుంటూ ముందుకు పోతున్నారు. వాళ్లను తప్పుపట్టను.

అమ్మకు నీ ఉత్తరం చదివాను. గట్టిగా ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. నీకోసం నింపి పెట్టిన పచ్చడి సీసాకు కట్టిన గుడ్డ విప్పి, మళ్లీ కట్టి, మళ్లీ విప్పింది. మూడో రోజు పొయ్యి దగ్గర కూర్చుని ఒకటే అడిగింది. నాయిన పోయినప్పుడు ఆఖరుకు ఏమన్నాడు అని ఆమె నిన్ను పలక మీద రాసి అడిగిందట కదా. నాకేం వినపడలేదు చెల్లె అని నువ్వు చెప్పావట. పద్నాలుగేళ్లు అదే నమ్మింది. ఇప్పుడంటోంది:

“చెవులు పోయింది పేలినంక గదరా. పేలకముందు ఇనపడ్డదే కద. ఆయన ఏమన్నడో రాయమను.”

క్షమించడం గురించి ఆమె ఏమీ అనలేదు. నేనూ ఇప్పుడేమీ అనలేను. ఇది మాత్రం రాయి.

శేఖర్


కేసముద్రం,
24 ఫిబ్రవరి 2025

శేఖర్‌కు,

చెల్లె సరిగ్గానే అడిగింది. వినపడింది.

మొదటి చప్పుడు వచ్చినంక మీ నాయిన నా దిక్కు చూశాడు. కంప్రెషర్ మోగుతున్నా వినపడింది.

“బావా, గాలి సాలు. బంద్ చెయ్.”

కాసేపాగి మళ్లీ అదే మాట అన్నాడు. రెండో చప్పుడు రానీ అన్నాను నేను. అంతే. నా చెవుల్లో పడ్డ ఆఖరి మనిషి మాట అదే. ఆ తర్వాత ఇంకెవరి మాటా లేదు, నా బిడ్డది కూడా.

ఇది చెల్లెకు చదివి వినిపించు. గట్టిగా చదవకు. ఆయన మెల్లగానే అన్నాడు.

కట్టయ్య